తండ్రుల సమాధులు, కొడుకుల పూలు
(జనరల్ జాన్ లోగన్ జీవితం)

– బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి

తండ్రి పోయిన తరవాత కొడుక్కి ఏం వస్తుంది? మాలాంటి వ్యవసాయ కుటుంబాల్లో ఈ ప్రశ్నకు జవాబు తేలిక. పొలం వస్తుంది, పొలంతో పాటు ఆ పొలం మీద చేసిన అప్పూ వస్తుంది. పొలం నాది, అప్పు మాత్రం నాది కాదు అంటే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. మన పెద్దలు దీన్నే ఇంకా లోతుగా ఆలోచించి పితృఋణం అన్నారు. అయితే తండ్రి ఇంటి కోసం కాక దేశం కోసం ప్రాణం పెట్టినవాడైతే, ఆ ఋణం ఎవరిది? ఆయన కొడుకుదా, ఊరిదా, ప్రభుత్వానిదా?

నూట యాభై ఏళ్ళకు పైబడి అమెరికాలో ఈ ప్రశ్నకు కొందరు తమకు తోచిన జవాబు చెప్పుకుంటూ వస్తున్నారు. అక్కడ 'సన్స్ ఆఫ్ యూనియన్ వెటరన్స్ ఆఫ్ ది సివిల్ వార్' అనే సేవాసంస్థ ఒకటి ఉంది. 1861 నుంచి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధంలో ఉత్తరాది సమాఖ్య పక్షాన పోరాడిన సైనికుల మగ సంతతి అందులో సభ్యులు. ప్రతి ఏటా మే నెలాఖరులో వాళ్ళు శ్మశానాలకు వెళ్ళి, పాత సైనికుల సమాధుల మీద పూలుంచి, చిన్న జెండా నాటి, 1868 నాటి ఒక ఉత్తర్వును బిగ్గరగా చదువుతారు. ఆ ఉత్తర్వు మీద సంతకం జాన్ అలెగ్జాండర్ లోగన్ ది. ఆయన జీవితాన్ని గురించి నేను చదివి తెలుసుకున్నదాన్ని సోదర విద్యార్థులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను. గొప్పవాళ్ళ జీవితాల్లో మచ్చలు దాచిపెట్టి రాసేవాళ్ళు ఉన్నారు. లోగన్ జీవితంలో మచ్చలు దాస్తే మిగిలిన కథకు అర్థమే ఉండదు. అందుచేత ఆ పని నేను చెయ్యలేదు.

బాల్యము – విద్య

లోగన్ 1826 ఫిబ్రవరి 9న ఇల్లినాయ్ రాష్ట్రం దక్షిణ భాగంలో, ఇప్పటి మర్ఫీస్‌బరో పట్టణం దగ్గర జన్మించాడు. తండ్రి కూడా జాన్ లోగనే. ఐర్లండు నుంచి వచ్చిన కుటుంబం. వృత్తి వైద్యం, అభిరుచి రాజకీయం. రాష్ట్ర శాసనసభలో అబ్రహాం లింకన్‌తో కలిసి పనిచేసినవాడు. ఆ స్నేహం కొద్దీ లింకన్ 1839లో కొత్తగా ఏర్పడిన ఒక జిల్లాకు డాక్టర్ లోగన్ పేరు పెట్టించాడు. ఆ లోగన్ కౌంటీ ఇల్లినాయ్‌లో ఇప్పటికీ ఉంది.

మన లోగన్ షైలో కాలేజీలో కొంతకాలం చదివాడు. ఇరవయ్యో ఏడు దాటీ దాటకుండానే మెక్సికో యుద్ధానికి స్వచ్ఛంద సైనికుడుగా వెళ్ళి సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. తిరిగి వచ్చి మేనమామ దగ్గర న్యాయశాస్త్రం మొదలుపెట్టాడు. ఆ మేనమామ అంతకు ముందు రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా చేసినవాడు. 1851లో లూయీవిల్ విశ్వవిద్యాలయంలో లా పట్టా పుచ్చుకున్నాడు. 1855లో మేరీ కన్నింగ్‌హామ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి ఆమె వయసు పదిహేడు. ఆమె తండ్రి మెక్సికో యుద్ధంలో లోగన్‌కు తోటి సైనికుడు. ఈ మేరీని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, కథలో ముఖ్యమైన మలుపు ఆమె వల్లనే వస్తుంది.

మాయని మచ్చ

ఇల్లినాయ్ ఉత్తరాది రాష్ట్రమే. అక్కడ బానిసత్వం చట్టసమ్మతం కాదు. కాని లోగన్ పుట్టిన దక్షిణ ఇల్లినాయ్ ప్రాంతాన్ని 'ఈజిప్ట్' అని పిలిచేవారు. అక్కడి జనంలో ఎక్కువమంది కెంటకీ, టెనెసీ లాంటి బానిస రాష్ట్రాల నుంచి వలస వచ్చినవాళ్ళు. వాళ్ళ బంధుత్వాలు, భావాలు, ద్వేషాలు అన్నీ దక్షిణాదివే. ఆ ఓటర్లకు నచ్చే మాట చెప్పడం యువకుడైన లోగన్‌కు కష్టం కాలేదు.

1853లో శాసనసభ్యుడుగా అతడు చేసిన మొదటి పెద్ద పని ఏమిటంటే, స్వేచ్ఛ పొందిన నల్లవారు సైతం ఇల్లినాయ్‌లో కాపురానికి రాకూడదంటూ చట్టం తేవడం. ఆ చట్టం ప్రకారం స్థిరపడే ఉద్దేశంతో పది రోజులు మించి ఉన్న నల్లవాడికి 50 డాలర్ల జుర్మానా. కట్టలేకపోతే అతడి కాయకష్టాన్ని బహిరంగంగా వేలం వేస్తారు. బానిసత్వం లేని రాష్ట్రంలో మనిషిని వేలంపాటకు నిలబెట్టే చట్టం ఇది! దేశం మొత్తం మీద ఇంత కఠినమైన చట్టాలు అతి తక్కువ. 1858లో లోగన్ డెమొక్రాటిక్ పార్టీ తరఫున కేంద్ర కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించే చట్టాన్ని అక్కడ గట్టిగా సమర్థించాడు. ఆ ప్రసంగం మూలంగా ప్రత్యర్థులు అతడికి 'డర్టీ వర్క్' లోగన్ అని పేరు పెట్టారు.

ఇదీ ముప్ఫయ్ అయిదేళ్ళ వయసు వరకు లోగన్. ఇక్కడితో ఆయన జీవితం ముగిసి ఉంటే, ఆ పేరు తలచుకునేవాళ్ళు ఈనాడు ఎవరూ ఉండేవాళ్ళు కారు.

యుద్ధరంగంలో

1860లో లింకన్ అధ్యక్షుడయ్యాడు. దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటే సమాఖ్య నుంచి విడిపోయాయి. 1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. లోగన్ ఎటు మొగ్గుతాడు అని అందరికీ సందేహం. అతడి సొంత నియోజకవర్గంలోనే కొందరు దక్షిణాది సైన్యంలో చేరడానికి వెళ్ళారు. భార్య తమ్ముడు కూడా అటే వెళ్ళాడు. కొన్ని వారాల పాటు లోగన్ నోరు మెదపలేదు. ఆ మౌనాన్ని ప్రత్యర్థులు జీవితాంతం ఎత్తిపొడిచారు.

జూన్‌లో ఆ మౌనం వీడింది. స్ప్రింగ్‌ఫీల్డులో అప్పటికి పేరు లేని ఒక కర్నల్ దగ్గర రెజిమెంటు ఒకటి ఉండేది. తక్కువ కాలానికి చేరిన ఆ కుర్రాళ్ళు మూడేళ్ళకు ఒప్పుకోవాలి. వాళ్ళతో మాట్లాడడానికి లోగన్ వస్తానంటే, ఈయన ఏం మాట్లాడతాడో అని ఆ కర్నల్ భయపడ్డాడు. కాని లోగన్ ప్రసంగం విని రెజిమెంటు రెజిమెంటంతా సైన్యంలో చేరింది. ఆ కర్నల్ యులిసిస్ గ్రాంట్. తరవాత సర్వసేనాని, ఆపైన దేశాధ్యక్షుడు. ఈ సంగతిని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు.

జూలై 21న బుల్ రన్ యుద్ధం జరిగినప్పుడు కాంగ్రెసు సభ్యుడైన లోగన్ ఒక మిచిగన్ రెజిమెంటు పక్కన నిలబడి, తుపాకి పట్టి పోరాడాడు. తరవాత ఊరికి వెళ్ళి, తన మాట మీద గురి ఉన్న రైతు బిడ్డల్ని కూడగట్టి 31వ ఇల్లినాయ్ రెజిమెంటును తయారుచేశాడు. దక్షిణ ఇల్లినాయ్ సమాఖ్య పక్షాన నిలబడటానికి ఆయన ఒక ముఖ్య కారకుడని చరిత్రకారులు ఒప్పుకుంటారు. ఎవరి ద్వేషాలను ఓట్లుగా మార్చుకున్నాడో ఆ జనం ముందే నిలబడి, వాళ్ళకు ఇష్టం లేని మాట చెప్పడానికి గుండెధైర్యం కావాలి కదా!

నల్లని జుట్టు, నల్లని కళ్ళు, గుబురు మీసాలు, చామనచాయ. సైనికులు ఆయన్ని ముద్దుగా 'బ్లాక్ జాక్' అని పిలిచేవారు. 1862 ఫిబ్రవరిలో ఫోర్ట్ డోనెల్సన్ దగ్గర తూటాలు తగిలి తీవ్రంగా గాయపడ్డాడు. కబురు విని మేరీ నదిమార్గాన యుద్ధభూమికే వెళ్ళి భర్తకు సేవచేసింది. కోలుకుంటూనే బ్రిగేడియర్ జనరల్ హోదా అందుకుని, కాంగ్రెసు సభ్యత్వానికి రాజీనామా చేశాడు. 1863లో విక్స్‌బర్గ్ ముట్టడిలో ఒక డివిజన్‌కు నాయకుడు. ఆయన మనుషులు శత్రువుల కోట కిందికి సొరంగం తవ్వి 2,200 పౌండ్ల మందు పేల్చారు. ఆ దాడి ఫలించలేదు గాని, జూలై 4న నగరం లొంగిపోయినప్పుడు ముందుగా లోపలికి నడిచే గౌరవం లోగన్ దళాలకే దక్కింది.

1864 జూలై 22. అట్లాంటా నగరం శివార్లు. టెనెసీ సైన్యానికి అధిపతి అయిన మెక్‌ఫెర్సన్ మధ్యాహ్నం తూటా తగిలి చనిపోయాడు. వెంటనే ఆధిపత్యం లోగన్ మీద పడింది. టోపీ చేత్తో పట్టుకుని, గుర్రాన్ని దౌడు తీయిస్తూ, చెదిరిపోతున్న వరసల్ని నిలబెట్టాడు. సాయంత్రానికి విజయం సమాఖ్య పక్షానిదయింది. ఆ దృశ్యాన్ని 1880లలో చిత్రకారులు గుండ్రని భవనంలో చుట్టూ తిరిగి చూసే భారీ చిత్రపటంగా వేశారు. అట్లాంటాలో దాన్ని ఇప్పటికీ చూడవచ్చు. అందులో గుర్రం మీద లోగన్ ఉంటాడు.

ఇంత చేసినా ఆ పదవి ఆయనకు దక్కలేదు. జనరల్ షెర్మన్ దాన్ని వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదువుకున్న హవర్డ్‌కు ఇచ్చాడు. లోగన్ రాజకీయవాది, వృత్తి సైనికుడు కాడు అన్నది షెర్మన్ అభిప్రాయం. లోగన్ ఆ బాధను జీవితాంతం మరిచిపోలేదు. కాని అలిగి ఇంటికి వెళ్ళలేదు. తన పాత దళానికే తిరిగి వెళ్ళి పనిచేశాడు. ఆ సంవత్సరాంతంలో గ్రాంట్ ఆయన్ని ఇంకో పెద్ద పదవికి పంపాడు. జనరల్ థామస్ నాష్‌విల్‌లో ఆలస్యం చేస్తున్నాడని, ఆయన స్థానం తీసుకోమని ఉత్తర్వు. లోగన్ లూయీవిల్ దాకా వెళ్ళేసరికి థామస్ యుద్ధం గెలిచిన కబురు అందింది. సాటివాడి విజయం చెడగొట్టకుండా అక్కడే ఆగిపోయాడు.

నా దృష్టిలో లోగన్ చేసిన అతి గొప్ప యుద్ధం, ఒక్క తూటా పేలని యుద్ధం. 1865 ఏప్రిల్‌లో లింకన్ హత్య కబురు నార్త్ కరొలైనాలోని రాలీ నగరం దగ్గర విడిది చేసిన సైన్యానికి చేరింది. ఆగ్రహం పట్టలేని సైనికులు నగరాన్ని తగలబెట్టడానికి రాత్రి పూట గుంపుగా కదిలారు. లోగన్ వాళ్ళకు అడ్డం వెళ్ళి, వెనక్కి మళ్ళకపోతే ఫిరంగులు పేల్పిస్తానని హెచ్చరించాడు. తన ప్రాణం లెక్కచెయ్యని తన సొంత సైనికుల మీద! గుంపు వెనక్కి మళ్ళింది. నగరం మిగిలింది.

మారిన మనిషి

యుద్ధంలో లోగన్ ఒక్క శత్రువుతోనే పోరాడలేదు, పాత లోగన్‌తో కూడా పోరాడాడు. దక్షిణాది తోటల్లో బానిసత్వం అసలు రూపాన్ని కళ్ళారా చూశాడు. 1863లో నల్లవారిని సైన్యంలోకి తీసుకోవాలన్నప్పుడు తన సైనికుల ముందు ఆ విధానాన్ని సమర్థించాడు. యుద్ధం ముగిసేలోగా దాదాపు 1,80,000 మంది నల్ల సైనికులు సమాఖ్య సైన్యంలో పనిచేశారు. 1865 ఫిబ్రవరిలో ఇల్లినాయ్ శాసనసభ 1853 నాటి చట్టాన్ని రద్దుచేసింది. దాని రద్దు కోసం ఏళ్ళ తరబడి పోరాడినవాడు షికాగోకు చెందిన నల్లజాతి దర్జీ జాన్ జోన్స్. ఆ ఘనత జోన్స్ లాంటివారిదే గాని, లోగన్‌ది కాదని ఇక్కడ చెప్పడం న్యాయం.

లోగన్ చేసింది వేరు. రిపబ్లికన్ పార్టీలో చేరి 1867లో మళ్ళీ కాంగ్రెసుకు వెళ్ళాక, రంగును బట్టి ఓటు హక్కు కాదనరాదన్న పదిహేనో రాజ్యాంగ సవరణకు అనుకూలంగా నిలిచాడు. 1871లో సెనేటరయ్యాడు. 1882లో మద్యం మీద వచ్చే పన్నును దేశంలో విద్యకు ఖర్చుపెట్టాలని బిల్లు తెచ్చాడు. అది నెగ్గలేదు. 1884లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయాడు.

తప్పుడు చట్టం రాసిన చెయ్యి తరవాత మంచి చట్టానికి ఓటేస్తే పాత తప్పు చెరిగిపోతుందా? పోదు. ఆ పన్నెండేళ్ళలో జుర్మానా కట్టలేక వేలంలో నిలబడినవాడికి ఆ ఓటు వల్ల ఏమీ తిరిగి రాదు. కాని మనిషి పుట్టిన ఊరు, పెరిగిన భావాలు అతణ్ణి జీవితాంతం కట్టిపడెయ్యనక్కర్లేదని లోగన్ జీవితం చూపిస్తుంది. తండ్రులిచ్చినదంతా దాచుకోదగ్గది కాదు. దాన్లో తాలూ ఉంటుంది, గింజా ఉంటుంది. తూర్పారబట్టడం కొడుకు పని.

ఒక ఉత్తర్వు

అంతర్యుద్ధంలో చనిపోయినవారు 6,20,000 మంది అని పాత లెక్క. ఇటీవలి పరిశోధకులు ఇంకా ఎక్కువే అంటున్నారు. బతికి వచ్చినవాళ్ళలో కాలు లేనివాళ్ళు, చెయ్యి లేనివాళ్ళు, పని దొరకనివాళ్ళు లక్షల్లో ఉన్నారు. వితంతువులు, అనాథ పిల్లలు సరేసరి. వీళ్ళ కోసం 1866 ఏప్రిల్ 6న ఇల్లినాయ్‌లోని డెకేటర్ పట్టణంలో డాక్టర్ బెంజమిన్ స్టీఫెన్సన్ ఒక మాజీ సైనికుల సంఘాన్ని మొదలుపెట్టాడు. పేరు 'గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్'. సోదరభావం, దానం, విధేయత అనేవి దాని మూడు సూత్రాలు. 1868 నుంచి 1871 వరకు లోగన్ దానికి జాతీయ అధ్యక్షుడు.

1868 వసంతంలో మేరీ వర్జీనియా రాష్ట్రంలోని పీటర్స్‌బర్గ్ వెళ్ళింది. పని ఒత్తిడి వల్ల లోగన్ వెళ్ళలేకపోయాడు. అక్కడి పాత చర్చి శ్మశానంలో దక్షిణాది సైనికుల సమాధుల మీద వాడిపోయిన పూలు, చిన్న చిన్న జెండాలు చూసి ఆమె మనసు కరిగింది. ఇంటికి వచ్చి భర్తతో ఆ సంగతి చెప్పింది. ఓడినవాళ్ళు తమవాళ్ళకు ఇంత చేసుకుంటుంటే మనం ఊరుకోవడమేమిటని లోగన్‌కు తోచింది. మేరీ తరవాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఉన్న కథ ఇది.

1868 మే 5న లోగన్ తన సంఘానికి 11వ నంబరు ఉత్తర్వు జారీచేశాడు. మే 30న దేశమంతటా సంఘ సభ్యులు సైనికుల సమాధులను పూలతో అలంకరించాలి, ఎలాంటి తంతు జరపాలన్నది ఏ ఊరివాళ్ళ ఇష్టం వాళ్ళది అని దాని సారాంశం. ఆ తేదీకి దేశం నాలుగు మూలలా పూలు పూస్తాయి కనుక దాన్ని ఎంచుకున్నారని చెబుతారు. ఆ మొదటి ఏడే 27 రాష్ట్రాల్లో 183 శ్మశానాల్లో ఆ ఉత్సవం జరిగింది. ఆర్లింగ్టన్‌లో దాదాపు 5,000 మంది కలిసి 20,000 సమాధుల మీద పూలుంచారు.

ఈ ఆలోచన లోగన్‌కే మొదట వచ్చిందని అనలేం. 1865 మే 1న సౌత్ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో, అప్పుడే సంకెళ్ళు తెగిన నల్లవారు వేలమంది సమాఖ్య సైనికుల సమాధుల దగ్గర చేరి పూలుంచి పాటలు పాడారు. 1866లో మిసిసిపీలోని కొలంబస్‌లో స్త్రీలు ఉభయ పక్షాల సమాధులనూ అలంకరించారు. న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్లూ పట్టణానికీ ఈ గౌరవం ఉంది. లోగన్ చేసిందల్లా చెదురుమదురుగా ఉన్న ఆచారాన్ని ఒక తేదీకి, ఒక వ్యవస్థకు ముడిపెట్టడం. విత్తనం చాలామంది చేతుల్లో ఉంది. కారు చూసి విత్తినవాడు లోగన్. మొదట్లో 'డెకరేషన్ డే' అన్న ఆ పండుగే ఈనాటి 'మెమోరియల్ డే'. 1971 నుంచి దాన్ని మే నెల చివరి సోమవారం జరుపుతున్నారు.

పూలతో సరిపెట్టుకుంటే అది వట్టి తంతే అయ్యేది. గ్రాండ్ ఆర్మీ సభ్యులు వితంతువులకు తిండిగింజలు, బొగ్గు ఇచ్చారు. అనాథాశ్రమాలు, వృద్ధ సైనికుల గృహాలు పెట్టించారు. పింఛన్ల కోసం ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చారు. 1890 నాటికి సభ్యులు 4 లక్షలు దాటారు. 1890ల తొలి సంవత్సరాల్లో కేంద్ర ప్రభుత్వ వ్యయంలో మూడో వంతుకు పైగా సైనిక పింఛన్లకే పోయిందంటే వాళ్ళ పట్టు ఎంతటిదో తెలుస్తుంది. దీన్ని ఓట్ల బేరమని విమర్శించినవాళ్ళూ ఉన్నారు, ఆ విమర్శలో నిజమూ ఉంది. సంఘంలో నల్ల సైనికులకు సభ్యత్వం ఉండేది. కొన్ని శాఖల్లో తెల్లవారూ నల్లవారూ కలిసే కూర్చునేవారు. దక్షిణాదిలో మాత్రం చాలాచోట్ల శాఖలు వేరువేరే.

కొడుకుల సంఘం

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ సంఘంలో చేరాలంటే ఆ యుద్ధంలో పనిచేసి ఉండాలి. అంటే కొత్త సభ్యులు పుట్టరు. ఏటేటా తరిగిపోయే సంఘం అది. లోగన్ ఉత్తర్వులో సైతం, యుద్ధం నుంచి బతికి బయటపడ్డవాడు ఒక్కడైనా మిగిలి ఉన్నన్నాళ్ళూ ఈ ఆచారం సాగాలన్న ఆశే ఉంది. ఆ ఒక్కడు కూడా పోయాక?

ఈ ప్రశ్నకు జవాబుగా 1881 నవంబరు 12న పిట్స్‌బర్గ్‌లో మేజర్ ఆగస్టస్ డేవిస్ 'సన్స్ ఆఫ్ వెటరన్స్' సంఘాన్ని స్థాపించాడు. అప్పటికి లోగన్ సెనేటులో ఉన్నాడు. డేవిస్ తానే మాజీ సైనికుడు. తండ్రులు ముసలివాళ్ళవుతున్నారు, కొడుకులు ఎదిగి వస్తున్నారు, చెయ్యి మార్చుకునే వేళ అయింది అన్నది ఆయన ఉద్దేశం. స్థానిక శాఖను 'క్యాంప్' అంటారు. 1925లో ఆ సంఘం ఇప్పటి పేరు పెట్టుకుంది. 1954లో కాంగ్రెసు దానికి చట్టబద్ధమైన చార్టరు ఇచ్చింది.

గ్రాండ్ ఆర్మీ చివరి జాతీయ సభ 1949లో ఇండియానాపొలిస్‌లో జరిగితే హాజరైన సైనికులు ఆరుగురే. 1956 ఆగస్టు 2న మినసోటాలోని డులూత్‌లో ఆల్బర్ట్ వుల్సన్ చనిపోయాడు. కుర్రతనంలో సైన్యంలో డ్రమ్ము వాయించినవాడు. వయసు 109 అనుకున్నారు, తరవాత జనాభా లెక్కలు చూసినవాళ్ళు 106 అన్నారు. ఆయనే చివరి సభ్యుడు. ఆయనతో గ్రాండ్ ఆర్మీ అంతరించింది. లోగన్ ఆశపడిన గడువూ ముగిసింది. కాని పూలు ఆగలేదు, ఎందుకంటే అప్పటికి 75 ఏళ్ళుగా కొడుకులు తయారై ఉన్నారు.

ఈనాడు ఆ సంఘం చేసే పని చూడడానికి చిన్నదే. పాడుపడిన శ్మశానాల్లో సైనికుల సమాధులు వెతికి జాబితా రాయడం, పేరు లేని సమాధికి రాయి పెట్టించడం, విరిగిన స్మారక చిహ్నాలు బాగుచెయ్యడం, గ్రాండ్ ఆర్మీ పాత దస్తావేజులు కాపాడడం, ఏటా నవంబరులో గెటిస్‌బర్గ్‌లో స్మృతిదినం జరపడం. పద్నాలుగేళ్ళు నిండిన మగ సంతతి సభ్యులు కావచ్చు. సొంత తాతే కానక్కర్లేదు, తాత అన్నదమ్ముడైనా సరే. ఆడపిల్లలు మాత్రం దీన్లో లేరు. వాళ్ళకు 1885లో మొదలైన 'డాటర్స్' సంఘం లాంటివి వేరే ఉన్నాయి. మన ఇళ్ళల్లో తర్పణం కొడుకే వదలాలన్న ఆచారం గుర్తుకు వస్తుంది. అయితే ఈ పండుగకు అసలు ప్రేరణ ఇచ్చింది పీటర్స్‌బర్గ్ సమాధుల దగ్గర నిలబడిన మేరీ కదా! ఋణం అందరిదీ అయినప్పుడు, తీర్చే అర్హత ఒక్క మగవాళ్ళదే అనడం నాకు సబబుగా కనిపించదు.

లోగన్ సొంత కొడుకు

లోగన్ 1886 డిసెంబరు 26న వాషింగ్టన్‌లో కన్నుమూశాడు. వయసు అరవై. కీళ్ళ నొప్పులతో మంచం పట్టి కోలుకోలేకపోయాడు. భౌతికకాయాన్ని కాపిటల్ భవనంలోని రొటుండాలో ప్రజల దర్శనార్థం ఉంచారు. అతి కొద్దిమందికి దక్కిన గౌరవమది. వాషింగ్టన్‌లో లోగన్ సర్కిల్ మధ్య, షికాగోలో గ్రాంట్ పార్కులో గుర్రం మీద ఆయన విగ్రహాలున్నాయి. మేరీ 1923 వరకు జీవించింది.

వాళ్ళకు ఒక కొడుకు. తండ్రి పేరే, జాన్ లోగన్ జూనియర్. అతడూ సైన్యంలో చేరి మేజర్ అయ్యాడు. 1899 నవంబరు 11న ఫిలిప్పీన్స్‌లో తన దళానికి ముందు నడుస్తూ తూటా తగిలి చనిపోయాడు. దేశపు అత్యున్నత శౌర్య పతకం మరణానంతరం ఇచ్చారు. తండ్రిలాగే ధైర్యవంతుడనడంలో సందేహం లేదు. కాని ఆ యుద్ధం ఏ యుద్ధం? స్పెయిన్ నుంచి విముక్తి కోరిన ఫిలిప్పీన్స్ ప్రజలు అమెరికా పాలన కూడా వద్దని తిరగబడితే, వాళ్ళను అణచడానికి జరిగిన యుద్ధం. తండ్రి పోరాటం చివరికి బానిసల సంకెళ్ళు తెంచింది. కొడుకు ప్రాణమిచ్చింది ఇంకో జాతి స్వాతంత్ర్యానికి ఎదురు నిలిచి.

పరాయి పాలన కింద బతికిన దేశపు బిడ్డలుగా మనం ఈ తేడాను గమనించకుండా ఉండలేం. ఆ కుర్రవాడి సాహసాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. తండ్రి కత్తి కొడుక్కి సులభంగానే అందుతుంది. తండ్రి ఆ కత్తిని ఎందుకు ఎత్తాడన్న వివేకం మాత్రం దానంతట అది అందదు. దాన్ని ప్రతి తరం తనంత తానుగా సంపాదించుకోవాలి. జీవశాస్త్రం పాఠాల్లో తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో చదువుకుంటాం. కళ్ళ రంగు, జుట్టు రంగు అలా వస్తాయి. న్యాయబుద్ధి అలా రాదు.

ముగింపు

వీరుల వంశంలో పుట్టాం అని మీసం మెలేసే సంఘాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వంశం పేరు చెప్పుకోవడం సులభం. గడ్డి మొలిచిన శ్మశానంలో మోకాళ్ళ మీద కూర్చుని, మాసిపోయిన రాతి మీద అక్షరాలు తుడిచి, తనకు ఏమీ కాని మనిషి పేరు జాబితాలో రాసుకోవడం కష్టం. లోగన్ ఉత్తర్వుకు విలువ తెచ్చింది ఆ రెండో పని. తండ్రి చేసిన మంచి కొడుక్కి ఆస్తి కాదు, బాకీ. తీరుస్తున్నన్నాళ్ళే ఆ పేరు చెప్పుకునే హక్కు ఉంటుంది.

మన పల్లెల్లోనూ సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు ఉన్నారు, తిరిగి రానివాళ్ళ భార్యలూ ఉన్నారు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం వస్తుంది. ఆ రోజు కాగితపు జెండా చొక్కాకు గుచ్చుకుని ఫోటో దిగడంతో సరిపెట్టకుండా, మన ఊళ్ళో ఒక మాజీ సైనికుడి ఇంటికి వెళ్ళి, పింఛను కాగితాల్లో ఏదైనా చిక్కుంటే దరఖాస్తు రాసిపెట్టి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్ళగలిగితే చాలు. చదువుకున్న పిల్లలం, ఆ మాత్రం మనకు చేతకాని పని కాదు. వాళ్ళు మన తండ్రులు కాకపోవచ్చు. ఋణం మాత్రం మనదే.